ఫార్మకాలజీకి మా అమ్మ ప్రతిపాదించిన సవరణలు

మా మేనకోడలు బి.ఫార్మసీ రెండో ఏడాది చదువుతోంది. దసరా సెలవులకు వస్తూ తలగడంత ఫార్మకాలజీ పుస్తకం, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం, ఒకటి మోసుకొచ్చింది. నాలుగు రోజులు తీరుబడిగా తిరగేశాను. చాలాచోట్ల తప్పులున్నాయి. అచ్చుతప్పులు కావు. నలభై ఏళ్లుగా మా అమ్మ ఈ ఇంట్లో అమలు చేస్తున్న శాస్త్రంతో పుస్తకం ఎక్కడా పొసగడం లేదు. అమ్మ ముగ్గురు పిల్లల్ని, ఐదుగురు మనవల్ని, లెక్కలేనంతమంది చుట్టాలను మందులు దాచే ఒక్క బిస్కెట్ల డబ్బాతో నెట్టుకొచ్చిన మనిషి. పుస్తకం రాసినవాళ్లకు అంత అనుభవం ఉందో లేదో. కాబట్టి వచ్చే ముద్రణలో చేయాల్సిన సవరణలను వారి సౌకర్యం కోసం ఇక్కడ నమోదు చేస్తున్నాను.

మొదటి పేజీలోనే పేచీ. మందు అంటే ఏమిటో చెప్పడానికి వాళ్లకు అరపేజీ పట్టింది. మనకు ఆ అవస్థ లేదు. జ్వరానికి వేసుకునేదీ మందే, పత్తిచేలో కొట్టేదీ మందే, ఎలుకలకు పెట్టేదీ మందే, తుపాకీలో కూరేదీ మందే, ఆదివారం సాయంత్రం మా బాబాయి మేడ మీదికెళ్లి పుచ్చుకునేదీ మందే. పాతకాలపు గ్రీకులు కూడా మనలాగే మందుకూ విషానికీ కలిపి ‘ఫార్మకాన్’ అని ఒకే మాటతో సరిపెట్టుకున్నారు. ఫార్మకాలజీ అన్న పేరు వచ్చింది దాన్నుంచే. ఈ రెంటికీ తేడా మోతాదులో ఉందని పుస్తకం గంభీరంగా ప్రకటించింది. ఆ సంగతి పిన్ని బాబాయికి పెళ్లయిన కొత్తలోనే చెప్పింది.

తర్వాత పేర్ల గొడవ. ఒక్కో మందుకు మూడు పేర్లుంటాయట. నోరు తిరగని రసాయనం పేరొకటి, జెనెరిక్ అనే అసలు పేరొకటి, కంపెనీ పెట్టుకున్న ముద్దుపేరు ఒకటి. డోలో, క్రోసిన్, కాల్‌పాల్ అని మనం పిలిచేవన్నీ పారాసెటమాలే. అమెరికా వెళ్తే దాన్నే ఎసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ అని అమ్ముతారు. డాలస్‌లో ఉండే మా తమ్ముడు ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ పది షీట్ల డోలో ఆవకాయ పక్కన సర్దుకుని వెళ్తాడు. వాడింట్లో బుడ్డి నిండా టైలెనాల్ ఉంటుంది. ‘రెండూ ఒకటే కదరా’ అంటే వాడు నీళ్లు నమిలాడు కానీ అమ్మ నమల్లేదు. ‘వాళ్ల జ్వరానికి అది, మన జ్వరానికి ఇది’ అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

పుస్తకం వదిలేసిన నాలుగో పేరు మా ఇంట్లో ఉంది. జ్వరం బిళ్ళ, జలుబు బిళ్ళ, ఒళ్ళునొప్పుల బిళ్ళ. రోగం పేరే మందు పేరు. ఇంతకంటే సుళువైన పద్ధతి ఎవరైనా కనిపెడితే చెప్పండి. పోయిన నెల నాకు మూడూ కలిసి వస్తే మూడు బిళ్ళలూ కలిపే ఇచ్చింది, పూటపూటకూ. మేనకోడలు వాటి వెనక ఉన్న చీమ అక్షరాలను ఫోన్‌తో ఫొటో తీసి, పెద్దది చేసి చదివింది. మూడింటిలోనూ పారాసెటమాల్ ఉంది. ఒకదాంట్లో 650, ఒకదాంట్లో 500, ఇంకోదాంట్లో 325 మిల్లీగ్రాములు. పూటకు దాదాపు గ్రామున్నర. నిక్షేపంగా ఉన్న పెద్దమనిషి కూడా రోజుకు 4 గ్రాములు దాటకూడదని, దాటితే లివర్ దెబ్బతింటుందని పుస్తకంలో గీత గీసి మరీ చూపించింది. ‘మూడు రోగాలు, మూడు బిళ్ళలు. లెక్క సరిగ్గానే ఉందిగా’ అంది అమ్మ. లెక్క నిజంగానే సరిగ్గా ఉంది.

ఇక పవర్. ఈ పుస్తకంలోని అతి పెద్ద లోపం ఇదే. ఏ మెడికల్ షాపు ముందు నిలబడ్డా వినపడే మాట ‘కొంచెం పవర్ ఎక్కువది ఇవ్వండి’. మరి ఇంత లావు పుస్తకంలో ‘పవర్’ అనే అధ్యాయమే లేదు. దాని బదులు పొటెన్సీ ఒకటి, ఎఫికసీ ఒకటి అని రెండు ముక్కలు చేశారు. ఎంత తక్కువ మందుతో పని జరుగుతుందన్నది మొదటిది, అసలు ఎంత పని జరుగుతుందన్నది రెండోది. అమ్మ దగ్గర ఈ తికమక లేదు. అట్ట మీద అంకె ఎంతో పవర్ అంత. తుమ్ములకు డాక్టరు లీవోసెటిరిజిన్ 5 రాస్తే, పాత సెటిరిజిన్ 10 కదా, సగానికి తగ్గించి మోసం చేశాడని అలిగింది. సెటిరిజిన్‌లో పనిచేసే సగాన్నే వేరు చేసి అమ్ముతున్నారనీ, ఆ 5 ఈ 10కి సమానమనీ మేనకోడలు చెప్పబోయింది. వినే ఓపిక ఎవరికుంది?

తమాషా ఏమిటంటే, అమ్మ రోజూ వేసుకునే థైరాయిడ్ మాత్ర 50 మైక్రోగ్రాములు. తూకం ప్రకారం చూస్తే 650 మిల్లీగ్రాముల డోలో దానికంటే 13,000 రెట్లు పెద్దది. అమ్మ ఒంట్లో వేడి, నిద్ర, బరువు, కోపం అన్నీ నడిపేది మాత్రం ఆ పిసరంత మాత్రే. ‘అదేమంత పవర్‌ది కాదులే’ అని ఫిల్టర్ కాఫీతో కలిపి మింగుతుంది. మంచినీళ్లతో వేసుకుని, కాఫీకి అరగంటో గంటో ఆగాలట, లేకపోతే మందు ఒంటికి సరిగా పట్టదట. మా ఇంట్లో పొద్దున్నే కాఫీని గంటసేపు ఆపగల మగాడు గానీ ఆడది గానీ ఇంకా పుట్టలేదు.

అసలు రసవత్తరమైన అధ్యాయం హాఫ్ లైఫ్. ఒంట్లో చేరిన మందు సగానికి తగ్గడానికి పట్టే సమయమట. పారాసెటమాల్‌కు రెండు మూడు గంటలు, అందుకే నాలుగైదు గంటలకోసారి మళ్లీ జ్వరం గుర్తొస్తుంది. అజిత్రోమైసిన్ అయితే రోజుల తరబడి కదలదు, అందుకే మూడు రోజులు వేసుకుని ఆపినా లోపల పని సాగుతూనే ఉంటుంది. ఇదంతా పుస్తకం మాట.

మా ఇంట్లో హాఫ్ లైఫ్ అంటే షీటులో సగం. డాక్టరు యాంటీబయాటిక్ పది బిళ్ళలు రాస్తాడు. నాలుగు వేసుకునేసరికి జ్వరం దిగుతుంది. ఐదోది వేసుకోవడమంటే డబ్బు నీళ్లలో పోసినట్టే. మిగిలిన ఆరూ డబ్బాలోకి వెళ్తాయి. తర్వాత గొంతు నొప్పితో వచ్చిన పెదనాన్న కొడుక్కి రెండు, జలుబుతో వచ్చిన పక్కింటి పిల్లాడికి ఒకటి. జలుబు తెచ్చేది వైరస్ అనీ, యాంటీబయాటిక్ దాన్ని కన్నెత్తి కూడా చూడదనీ చెప్తే, ‘మరి వారంలో తగ్గిందిగా!’ అంటుంది. ఆ షీటు మీద నిలువునా ఒక ఎర్రగీత ఉంటుంది, డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని దాని అర్థం. అమ్మ దృష్టిలో అది అంచు. అంచు ఉన్నది ఖరీదైన సరుకని చీరల దగ్గర నేర్చుకున్న పాఠం. 1945లో నోబెల్ బహుమతి పుచ్చుకుంటూ, పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగే భయపడ్డాడు: జనం దీన్ని చాలీచాలకుండా వాడితే క్రిములు రాటుదేలిపోతాయని. ఆయన ఎక్కడో స్కాట్లాండ్‌లో పుట్టినవాడు. మా ఇంటి డబ్బా గురించి ఆయనకు ఎవరు చెప్పారో తెలియడం లేదు.

మందును ఏ దారిన పంపాలన్న దాంట్లో మాత్రం పుస్తకానికీ మా ఊరికీ కొంత సఖ్యత ఉంది. నోట్లో వేసిన మందు పేగుల్లోంచి ముందు లివర్ గేటు దగ్గర ఆగి, టోలు కట్టి, మిగిలిందే రక్తంలోకి వెళ్తుంది. నరానికి ఎక్కిస్తే నూటికి నూరుపాళ్లూ రక్తంలోనే. చూశారా, సూదే గొప్పదని మా ఊరివాళ్లు ఎప్పటినుంచో అంటున్నదే! నీరసంగా ఉందంటే సెలైన్ పెట్టాల్సిందే. పెట్టని డాక్టరు డాక్టరే కాదు. అరలీటరు నార్మల్ సెలైన్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు. అదే ఐదు శాతం గ్లూకోజ్ బాటిల్ అయితే పాతిక గ్రాముల గ్లూకోజ్, అంటే పంచదార లెక్కన ఓ ఐదు చెంచాలు. మింగగలిగిన మనిషికి ఇంతా కలిపి ఒక గ్లాసు నిమ్మరసం. అయితే నిమ్మరసం తాగేవాణ్ని చూడ్డానికి యాపిల్ పండ్లు పట్టుకుని ఎవరొస్తారు?

పైగా హస్తవాసి అనేదొకటుంది. అదే బిళ్ళ ఒక డాక్టరు ఇస్తే తగ్గుతుంది, ఇంకో డాక్టరు ఇస్తే తగ్గదు. పుస్తకం దీన్ని ప్లసీబో, అంటే ఉత్తుత్తి బిళ్ళకైనా నమ్మకం కొద్దీ తగ్గడం, అనే మాట కింద రెండు పేరాల్లో మూలకు నెట్టేసింది. ఇంత అన్యాయం నేనెక్కడా చూడలేదు.

ఆహారంతో పొత్తు గురించి ఒక్క సవరణ. యాంటీబయాటిక్కులు వేడి చేస్తాయి కనుక ప్రతి బిళ్ళా పాలతోనే వేసుకోవాలని అమ్మ నియమం. టెట్రాసైక్లిన్ జాతి మందులు పాలలోని కాల్షియంతో ముడిపడి ఒంటికి సరిగా ఎక్కవని పుస్తకం గోల. ఆ జాతిలో మొదటిది ఆరియోమైసిన్, 1948లో లోకానికి తెలిసింది. అది బయటపడిన అమెరికా కంపెనీలో పరిశోధనలు నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరం మనిషి చేతిమీదుగా వచ్చిన మందును భీమవరం గేదె పాలతో ఓడించడం తెలుగువాళ్లకు తప్ప ఇంకెవరికి చేతనవుతుంది?

సెలవులు అయిపోయే ముందురోజు మేనకోడలికి ఒళ్ళు వెచ్చబడింది. అమ్మ డబ్బా తెచ్చి మూత తీసింది. అందులో ఏ షీటూ పూర్తిగా లేదు. కత్తెరతో కత్తిరించిన ముక్కలన్నీ ఒకటో రెండో బిళ్ళలతో పడున్నాయి. పేరున్న ముక్క ఒకరు పట్టుకెళ్లారు, తేదీ ఉన్న ముక్క ఇంకొకరు పట్టుకెళ్లారు. అమ్మ గులాబీ రంగు బిళ్ళ ఒకటి వెతికి తీసింది.

‘ఇదేంటి అమ్మమ్మా? పేరు లేదు, ఎక్స్‌పైరీ లేదు.’

‘పేరెందుకే పిచ్చిదానా, నీకు బాగా పడిన మందే. నువ్వు మూడో క్లాసులో ఉన్నప్పుడు తెచ్చింది.’