అరవై నాలుగో వంతు బాస్క్ వీరుడు

దక్షిణ అమెరికాకు స్వాతంత్ర్యం ఎలా వచ్చిందని అడిగితే చరిత్రకారులు ఇప్పటికీ పాత పాఠమే అప్పజెబుతారు. 1808లో నెపోలియన్ స్పెయిన్ రాజును గద్దె దించాడని, వలసల్లో పుట్టిన తెల్లవాళ్లకు పెద్ద పదవులు దక్కలేదని, వ్యాపారం మీద ఆంక్షలని, ఫ్రెంచి ఆలోచనలని ఏవేవో చెబుతారు. అన్ని కారణాలతో పనేముంది? దక్షిణ అమెరికాలో ఐదు దేశాలను స్పెయిన్ నుంచి విడిపించిన సిమోన్ బొలీవర్ ఒంట్లో స్పెయిన్ ఉత్తరాన ఉండే బాస్క్ జాతి రక్తం ఉంది, ఆ రక్తమే ఈ పని చేయించిందని బాస్క్ అభిమానులు అంటారు. అంతటితో పరీక్షలో పూర్తి మార్కులు వేసేయాలి.

ఆధారం గట్టిదే. స్పెయిన్ ఉత్తరాన, బిస్కే ప్రాంతపు కొండల్లో బొలిబార్ అనే పల్లె ఉంది. చుట్టుపక్కలతో కలిపి లెక్కేసినా జనం కొన్ని వందలకు మించరు. అక్కడ వీరుడి పేర ఒక స్మారకం, ఒక మ్యూజియం ఉన్నాయి. మ్యూజియాన్ని ఆయన 200వ జయంతి ఏడాది, 1983లో తెరిచారు. వీరుడు పుట్టింది మాత్రం వెనెజువెలా రాజధాని కారకాస్‌లో. మరి ఈ ఊరి నుంచి వెళ్లింది ఎవరంటే, తండ్రి కాదు, తాత కాదు, ముత్తాత కూడా కాదు. ఆరు తరాల వెనకటి మరో సిమోన్. ఆయన సాంతో డొమింగో మీదుగా 1589లో కారకాస్ చేరాడు. తర్వాత నగరం తరఫున స్పెయిన్ రాజు దగ్గరికి వెళ్లి, 1591లో ఊరికి ఒక రాజచిహ్నం, దాంతోపాటు బానిసలను దిగుమతి చేసుకునే అనుమతి సంపాదించుకొచ్చాడు. 1816లో ఆయన వారసుడు, సైన్యంలో చేరే షరతు మీద, బానిసలకు విముక్తి ప్రకటించాడు. బాస్క్ రక్తంలో స్వేచ్ఛాకాంక్ష ఉన్నమాట నిజమే, కాకపోతే పైకి తేలడానికి రెండు శతాబ్దాల పైచిలుకు పట్టింది.

ఇక లెక్కలోకి దిగుదాం. ఆరు తరాలు వెనక్కి వెళితే ప్రతి మనిషికీ 64 మంది పూర్వీకులు ఉంటారు. బంధువుల్లోనే పెళ్లిళ్లు చేసుకుంటే కొంచెం తగ్గుతారు. ఆ 64 మందిలో మన సిమోన్ పెద్దాయన ఒక్కడు. మిగతా 63 మంది ఏం చేసేవారో, ఏ రక్తం మోసుకొచ్చారో ఎవరూ అడగరు. అడగనక్కర్లేదు కూడా. ఇంటిపేరు వాళ్లది కాదుగా.

ఆ 64 మందికంటే రెండు తరాలు ఇటుగా ఉన్న ఒకావిడ గురించి కూడా చెప్పక తప్పదు. వీరుడి తాత హువాన్ దె బొలీవర్‌కు మార్క్విస్ కావాలన్న కోరిక పుట్టింది. మోంట్‌సెరాట్ మఠం సన్యాసుల దగ్గర అమ్మకానికి ఉన్న బిరుదును 22 వేల నాణేలు పోసి కొన్నాడు. సన్యాసులు డబ్బు తీసుకున్నారు. బిరుదు మాత్రం ఆ ఇంటికి చేరలేదు. వంశవృక్షం పరిశీలిస్తుంటే వీరుడి ముత్తవ్వ హోసెఫా మరీన్ దగ్గర బండి ఆగిపోయింది. ఆమె పెళ్లి కాని తల్లికి పుట్టిన బిడ్డ. తండ్రి వీలునామాలో కూతురిని ఒప్పుకున్నాడు గానీ తల్లి పేరు రాయలేదు. ఆ తల్లి నల్లజాతి మనిషని కొందరు, స్థానిక ఇండియన్ తెగకు చెందిందని కొందరు, ఇదంతా పుకారని మరికొందరు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఎవరైతేనేం, వీరుడి ఒంట్లో ఆ పేరులేని తల్లి వంతు పదహారోది. బొలిబార్ పెద్దాయన వంతుకు సరిగ్గా నాలుగు రెట్లు. ఈ లెక్కన ఆమెకు నాలుగు మ్యూజియాలు రావాలి. పేరే తెలియనప్పుడు గుమ్మం మీద ఏం రాస్తారన్న సాంకేతిక సమస్య వల్లే ఆగినట్టుంది.

బాస్క్ జాతీయవాదుల లెక్క ఇంకా కఠినం. ఆ ఉద్యమ పితామహుడు సబీనో అరానా 1894లో బిస్కేలోని బిల్బావో నగరంలో పెట్టిన సంఘంలో పూర్తి సభ్యత్వం కావాలంటే తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ, నలుగురివీ బాస్క్ ఇంటిపేర్లే అయి ఉండాలి. మన వీరుడి నలుగురి ఇంటిపేర్లు: బొలీవర్, పోంతె, పలాసియోస్, బ్లాంకో. నాలుగింటికి ఒకటి. ఐదు దేశాలను విడిపించినవాడు అక్కడ దరఖాస్తు పెట్టుకుంటే పూర్తి సభ్యుడు కాలేక గుమ్మం దగ్గర నిలబడాల్సి వచ్చేది.

రక్తం అంత బలంగా లాగుతుందంటే యవ్వనంలో లాగే ఉండాలి. 1801లో ఆయన నిజంగానే బిల్బావో వెళ్లి చాలాకాలం ఉన్నాడు. పూర్వీకుల ఊరు అక్కడికి ఎంతో దూరం లేదు. అయితే ఆయన్ని అక్కడికి రప్పించింది మరియా తెరెసా అనే అమ్మాయి. మాడ్రిడ్‌లో పరిచయమైన ఆమె కుటుంబం అప్పుడు బిల్బావోలో ఉంటోంది. మరుసటి ఏడాది ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ప్రేమలో ఉన్నవాడికి ఆరు తరాల నాటి తాత గుర్తుకు రాకపోవడంలో తప్పేమీ లేదు.

తర్వాత గుర్తుకొచ్చాడా అంటే, 1813 జూన్ 15న ట్రుహియోలో ఆయన జారీ చేసిన మరణయుద్ధ ప్రకటన చూడండి. స్పెయిన్‌లో పుట్టినవాళ్లు ఎటూ మొగ్గకుండా ఊరుకున్నా చావే, అమెరికాలో పుట్టినవాళ్లు నేరం చేసినా ప్రాణభిక్ష. బాస్క్ వాళ్లకు మినహాయింపు లేదు. ఆ ఏడాది బొలిబార్ పల్లె నుంచి ఎవరైనా అమాయకుడు “అయ్యా, మనది ఒకే ఊరండీ” అంటూ వెనెజువెలాలో ఓడ దిగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

పైగా వెనెజువెలా రైతులకు బాస్క్ రక్తం అంతకుముందే బాగా పరిచయం. 1728లో బాస్క్ వ్యాపారులు పెట్టిన గిపుస్కోవానా కంపెనీ వలసలోని కోకో వ్యాపారాన్నంతా గుప్పిట్లో పెట్టుకుంది. గింజల ధర ఎంతో వాళ్లే చెబుతారు, బయటివాళ్లకు అమ్మితే దొంగరవాణా అంటారు. 1749లో హువాన్ ఫ్రాన్సిస్కో దె లియోన్ జనాన్ని వెంటబెట్టుకుని కారకాస్ మీదికి వెళ్లాడు. ఆఖరికి ఆయన ఇల్లు నేలమట్టం చేసి అక్కడ ఉప్పు చల్లారు. లియోన్ పుట్టింది కానరీ దీవుల్లో. 1813 ప్రకటనలో ఏ ఊరివాళ్లకు చావు రాసిపెట్టారంటే, స్పెయిన్ వాళ్లతోపాటు కానరీ వాళ్లకు కూడా! అంటే ఆ నేల మీద బాస్క్ గుత్తాధిపత్యాన్ని ఎదిరించిన మనిషి శత్రు రక్తం, ఆ గుత్తాధిపతులది వీర రక్తం. ఇందులో మీకు తికమక కనిపిస్తే మీకు రక్తశాస్త్రం ఇంకా పట్టుబడలేదన్నమాట. అదే రక్తం మెక్సికోలో ఇతుర్బిదే అనే సేనాని ఒంట్లోకి చేరి, స్వాతంత్ర్యం తెచ్చిన మరుసటి ఏడాదే చక్రవర్తి కిరీటం పెట్టుకుంది.

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనడంలో ఒక న్యాయమైనా ఉంది. తాగినవాడు సొంత తాత. ఇక్కడ వాసన చూడమంటున్నది మనవడి నేతిని, చూపిస్తున్నది తాత పొరుగువాళ్ల మూతిని.

వీరుడినే అడిగితే? 1825లో కుస్కో నుంచి అక్క మరియా ఆంతోనియాకు రాసిన ఉత్తరంలో, తనకు పాలిచ్చి పెంచిన హిపోలితా అనే బానిస స్త్రీని బాగా చూసుకోమన్నాడు. ఆమె పాలే తన ప్రాణాన్ని పోషించాయని, ఆమె తప్ప వేరే తండ్రిని తానెరుగనని రాశాడు. శాస్త్రీయంగా ఇది చాలా ఇబ్బందికరమైన సాక్ష్యం. పాలను ఏ వంశవృక్షంలో, ఏ కొమ్మ మీద వేలాడదీయాలో ఎవరికీ తెలియదు కనుక కొట్టేయడమే మంచిది.

నాకున్న అభ్యంతరం ఒక్కటే. వారసత్వం పంచుకునేటప్పుడు ఆస్తీ అప్పూ రెండూ పంచుకోవాలి. ఆ పల్లె పేరు ఒక దేశానికి ఉంది, కొండలకు, వీధులకు, విమానాశ్రయాలకు ఉంది. 1879 నుంచి వెనెజువెలా డబ్బుకూ ఉంది. ఆ డబ్బు మీద 2008లో మూడు సున్నాలు, 2018లో ఐదు, 2021లో ఆరు, మొత్తం పద్నాలుగు సున్నాలు కొట్టేయాల్సి వచ్చింది. ఆ పద్నాలుగింటికీ మూలం మా కొండల్లోనే ఉందంటూ బిస్కే నుంచి ఒక్క పరిశోధకుడైనా ముందుకొస్తాడని ఎదురుచూస్తున్నాను.