సవరణ: 164 సీట్లు తెలుగుదేశానివి మాత్రమే కావు

ఆంధ్రప్రదేశ్ 2024 అసెంబ్లీ ఎన్నికల ఫలితాలపై నేను పెట్టిన పోస్టులో ‘తెలుగుదేశానికి 164 సీట్లు’ అని ఉంది. అది కూటమి మొత్తం లెక్క. తెలుగుదేశం 135, జనసేన 21, బీజేపీ 8 గెలిచాయి. జనసేన పోటీ చేసిందే 21 చోట్ల, అన్నీ గెలిచింది. 2019లో ఆ పార్టీకి దక్కింది ఒక్క రాజోలే.

‘వైసీపీని జనం పూర్తిగా వదిలేశారు’ అన్న వాక్యం కూడా తీసేశాను. సీట్లు 151 నుంచి 11కి పడిపోయిన మాట నిజమే. కానీ ఓట్లు 39.37 శాతం వచ్చాయి. 2019లో 23 సీట్లు గెలిచిన తెలుగుదేశానికి వచ్చినవి 39.17 శాతమే! సీట్లు చూసి జనం మనసు అంచనా వేస్తే తప్పుదారి పడతాం.

అలాగని ఇదంతా పొత్తు మహిమ అనడమూ సరికాదు. 2019లో ఈ మూడు పార్టీల ఓట్లు కలిపినా 46 శాతం దాటవు, అప్పుడు వైసీపీకి దాదాపు 50 శాతం. ఈసారి కూటమి ఓట్లు సుమారు 55 శాతానికి చేరాయి. అంటే పొత్తుతో పాటు, వైసీపీ ఓట్ల వాటా దాదాపు 50 శాతం నుంచి 39.37 శాతానికి తరిగిపోవడమూ ఫలితాన్ని మార్చింది. దీన్ని పోస్టులో చేర్చాను.