ప్రేమకు పాసు మార్కులు 60

ప్రేమ గుడ్డిదన్న మాట జర్మనీ పార్లమెంటు చెవిన కూడా పడినట్టుంది. గుడ్డిదైతే కావచ్చు గానీ మూగది మాత్రం కాకూడదని 2007లో ఒక నియమం తెచ్చింది. జర్మనీలో ఉన్న భర్త దగ్గరికో, భార్య దగ్గరికో కాపురానికి వెళ్ళదలచినవారు విమానం ఎక్కకముందే తమకు జర్మన్ కాస్త వచ్చునని నిరూపించుకోవాలి. ఐరోపావారు భాషకు కట్టిన ఆరు మెట్ల నిచ్చెనలో ఇది అట్టడుగు మెట్టు, పేరు ఏ1. ఇదంతా బలవంతపు పెళ్ళిళ్ళను ఆపడానికని సర్కారు చెప్పిన కారణాల్లో ఒకటి. బలవంతంగా పెళ్ళి చేసేవారు వ్యాకరణాన్ని చూసి జడుసుకుంటారని ఏ మహానుభావుడికి తట్టిందో తెలియదు. జర్మన్ వ్యాకరణాన్ని దగ్గరగా చూసినదాన్ని కనుక ఆ ఆలోచనను పూర్తిగా కొట్టిపారేయలేను.

ఈ విషయంలో నెదర్లాండ్స్ 2006లోనే ముందడుగు వేసింది. తొలి రోజుల్లో అక్కడి పరీక్ష మరీ ముచ్చటైనది. ప్రేమికులు రాయబార కార్యాలయంలో కూర్చుని ఫోనులో కంప్యూటర్‌తో డచ్చి మాట్లాడాలి. ప్రియుడితో మాట్లాడటానికి అనుమతి ఇవ్వవలసింది యంత్రమన్నమాట. బ్రిటన్ 2010లో ఆ వరసలో చేరింది.

నా పరీక్ష జర్మన్‌లో. నూటికి 60 వస్తే పాసు. మాట్లాడే భాగంలో కొందరు అభ్యర్థులను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. పేరు, వయసు, దేశం, ఊరు, వచ్చిన భాషలు, చేసే పని, తోచనప్పుడు చేసే పని చెప్పమన్నారు. పేరును అక్షరం అక్షరంగా విడదీయమన్నారు. తర్వాత బొమ్మ ఉన్న చీటీ ఒకటి తీసి, అందులోని వస్తువు గురించి పక్కవారిని ఏదైనా కోరాలి. నాకు గడియారం వచ్చింది. పక్కనున్న ముక్కూ మొహం తెలియని పెద్దమనిషిని “దయచేసి మీ గడియారం నాకు ఇస్తారా?” అని అడిగాను. “ఇదిగో, తీసుకోండి” అన్నాడాయన. పరీక్ష చేసే ఆవిడ తృప్తిగా తలూపి మార్కులు వేసింది. రాత భాగంలో 30 మాటలతో ఒక ఉత్తరం. నేను ప్రేమించిన మనిషికి కాదు, ఏదో ఊరి పర్యాటక కార్యాలయానికి. హోటళ్ళ చిరునామాలు పంపమని వేడుకున్నాను. 87 మార్కులు వచ్చాయి. ఎవరికోసం ఇదంతా అని మొదటి నుంచి చివరిదాకా ఒక్కరూ అడగలేదు.

ఈ పరీక్ష ప్రేమికులందరికీ ఉంటుందనుకుంటే పొరపాటు. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, దక్షిణ కొరియా వంటి కొన్ని దేశాల పాస్‌పోర్టు ఉంటే అక్కర్లేదు. ఆ దేశాల గాలిలోనే జర్మన్ కలిసి ఉంటుంది కాబోలు. అంతకన్నా విచిత్రం, జర్మనీలో ఉద్యోగం చేసుకుంటున్న ఫ్రెంచివాడు తన భార్యను ఏ పరీక్షా లేకుండా తెచ్చుకోవచ్చు, అతనికి ఐరోపా సమాఖ్య చట్టం అండ. జర్మనీలోనే పుట్టి, జర్మనీలోనే పెరిగి, పొలిమేర దాటని జర్మనుడి భార్యకు మాత్రం ఏ1 కావాలి. ఈ సంగతి తెలిసిన రోజున మా ఆయనను ఫ్రెంచి పౌరుడివైపోరాదూ అని అడిగాను. అమ్మో, ఫ్రెంచి చాలా కష్టమట.

సరే, వెళ్ళాను. అక్కడ మళ్ళీ 600 తరగతులు, ఒక్కొక్కటి 45 నిమిషాలు. అమ్మాయికి జర్మన్‌లో నపుంసక లింగమని తొలి వారంలోనే తెలిసింది. తరగతిలో కొందరు నవ్వారు. ఆడమనిషి గురించి “వచ్చింది, వెళ్ళింది” అనే భాషలో పుట్టినదాన్ని, నేను ఏ మొహం పెట్టుకుని నవ్వను? ‘ఉమ్‌ఫారెన్’ అని ఇంకో మాట. ఒక అక్షరం మీద ఒత్తితే బండితో ఒకరిని గుద్ది పడేయడం, ఇంకో అక్షరం మీద ఒత్తితే తగలకుండా చుట్టూ తిరిగి పోవడం. అత్తగారిని కారెక్కించుకున్నప్పుడు ఆ మాట వాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

అత్తగారింట భోజనాల దగ్గర అసలు పరీక్ష. విభక్తి సరిచూసుకుని, క్రియను దాని చోట నిలబెట్టి నోరు తెరిచేసరికి వాన సంగతి అయిపోయి, ఎండ సంగతి కూడా సగానికి వచ్చేది. చేసేది లేక నవ్వి ఊరుకునేదాన్ని. పుట్టింట్లో నాతో వాదించి గెలిచినవాడు లేడు. ఇక్కడ మాత్రం ఎంత నెమ్మదైన పిల్ల అని పేరొచ్చింది. పైగా “మీ జర్మన్ చాలా బాగుందే!” అని అందరూ మెచ్చుకునేవారు. ఆ మాట జర్మన్ నిజంగా వచ్చినవారితో ఎవరూ అనరు.

ఒక సాయంత్రం మా ఆయన “నువ్వు ఇక్కడ సంతోషంగా లేవా?” అని అడిగాడు. “అబ్బే, అదేం లేదు” అనే ఉద్దేశంతో “నైన్” అన్నాను, అంటే ‘కాదు’ అని. మనిషి మొహం మారిపోయింది. “నిజంగానే లేవా?” అన్నాడు. ధైర్యం చెబుదామని ఈసారి గట్టిగా “నైన్, నైన్!” అన్నాను. లేచి వెళ్ళి బాల్కనీలో నిలబడ్డాడు. లేదా అని అడిగితే ఉంది అని చెప్పడానికి ఆ భాషలో ప్రత్యేకంగా ‘డొఖ్’ అనే మాట ఉందట. నైన్ అంటే, అవును, సంతోషంగా లేనని ఒప్పుకున్నట్టే. 87 మార్కుల కాగితం సొరుగులో భద్రంగా ఉంది. దాని మీద నా భర్త బాల్కనీలో గంటసేపు నిలబడ్డ సంగతి రాసి లేదు. ఆ తర్వాత డొఖ్ బాగా ఒంటబట్టి, మా ఇంట్లో పోట్లాటలు సమానస్థాయికి వచ్చాయి.

కనుక పార్లమెంటువారికి నా సవినయ మనవి. ఇల్లు, ఊరు, నోరు వదులుకుని వచ్చేవారికి పరీక్ష పెట్టినట్టే, కదలకుండా కూర్చుని పిలిపించుకునేవారికీ ఒకటి పెట్టాలి. ఎదుటి మనిషి ఒక వాక్యాన్ని కూడదీసుకునే మూడు నిమిషాలూ మధ్యలో అందించకుండా, గడియారం చూడకుండా కూర్చోవాలి. అందించారా, పదిహేను మార్కులు కోత. చెవిటివారితో మాట్లాడినట్టు గొంతు పెంచితే అక్కడికక్కడే ఫెయిలు. ఈ పరీక్ష అత్తగార్లకు కూడా వర్తించాలా అన్నది సభ నిర్ణయానికే వదిలేస్తున్నాను, నేను ఆ ఇంట్లోనే ఉండాలి కదా.

చట్టం వచ్చేలోగా మా ఇంట్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టాం. మా ఆయన ఆరు నెలలుగా తెలుగు నేర్చుకుంటున్నాడు. మొన్న మాట్లాడే భాగం. గొంతు సవరించుకుని “నేను నువ్వు ఇష్టం” అన్నాడు. నేను కాదు, నాకు, అని దిద్దాను. మీ భాషలో కూడా చలి వేస్తే ‘నాకు చలి’ అనే అంటారు కదా, ఇదీ అంతే అన్నాను. చలి వేరు, ప్రేమ వేరు, ప్రేమ నేనే చేస్తున్నాను కదా అని వాదించాడు. వాదన బాగుంది గానీ పరీక్ష పరీక్షే. 59 వేశాను. వచ్చే నెల మళ్ళీ కూర్చోవాలి.