ప్రార్థన గదిలో రహస్య మైకు

భక్తుడి వేషంలో మత శాఖలోకి చొరబడిన పోలీసు ఏజెంటు. చొక్కా లోపల మైకు. పక్కన మోకరిల్లినవాడికి అనుమానం వచ్చిందేమోనన్న టెన్షన్. టీవీ డ్రామాలకు ఈ కథ అంటే ఎంతకీ మోజు తీరడం లేదు. మా అభ్యంతరం ఆ టెన్షన్ మీదే. ‘వీడు దొరికిపోతాడా?’ అన్న ప్రశ్న చుట్టూ ఎపిసోడ్లన్నీ తిప్పుతారు. ‘వీణ్ని ఎవరు పంపారు, ఏ అధికారంతో పంపారు?’ అని అడిగే పాత్ర దాదాపు కనిపించదు. దొంగచాటుగా వచ్చినవాడు క్షేమంగా బయటపడాలని ప్రేక్షకుడే మొక్కుకుంటాడు. అక్కడితో చొరబాటు న్యాయమే అయిపోతుంది.

ప్రమాదకరమైన గుంపులు లేవని మేమనడం లేదు. 1995లో టోక్యో మెట్రోలో సారిన్ అనే విషవాయువు వదిలిన జపాన్ మత శాఖ ఓం షిన్రిక్యో మీద ముందే గట్టి నిఘా ఉండాల్సింది. నేరానికి ఆధారాలు చూపి, కోర్టు అనుమతి తీసుకుని నిఘా పెడితే కాదనేవారు ఎవరు?

కానీ ఇలాంటి చొరబాటుకు అమెరికా చట్టంలో సాధారణంగా ఆ అనుమతే అక్కర్లేదు. పోలీసు తలుపు తట్టి లోపలికొచ్చి సోదా చేయాలంటే మామూలుగా వారెంటు కావాలి. అదే పోలీసు భక్తుడినని అబద్ధం చెప్పి, మైకు తగిలించుకుని వస్తే వద్దు! మీరు నమ్మి మాట్లాడారు కాబట్టి తప్పు మీదేనన్నది ఆ న్యాయసూత్రం సారాంశం. ఇది పుట్టింది మతం విషయంలో కాదు. 1966లో కార్మిక సంఘం నాయకుడు హోఫా కేసులో, 1971లో మాదకద్రవ్యాలు అమ్మిన వైట్ అనే వ్యక్తి కేసులో సుప్రీంకోర్టు దానికి ఆమోదముద్ర వేసింది. అప్పుడు జనంలో పెద్దగా ఎవరూ బాధపడలేదు. 1980లలో మధ్య అమెరికా నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులకు ఆశ్రయమిచ్చిన అరిజోనా చర్చిల్లోకి ప్రభుత్వ ఇన్‌ఫార్మర్లు మైకులతో వెళ్లారు. 1989లో అప్పీలు కోర్టు అదే సూత్రం పట్టుకుని, తప్పు లేదంది. మత్తుమందుల వ్యాపారి కోసం తెరిచిన తలుపులోంచి ప్రభుత్వం చర్చిలోకి నడిచి వెళ్లింది.

అక్కడా ఆగలేదు. 2006లో కాలిఫోర్నియాలోని ఇర్విన్ మసీదుకు కొత్తగా మతం పుచ్చుకున్నానంటూ ఒకతను వచ్చాడు. హింసాత్మక దాడుల గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు. బెదిరిపోయిన భక్తులే వెళ్లి ఎఫ్‌బీఐకి ఫిర్యాదు చేశారు, అతను మసీదు ఛాయలకు రాకుండా కోర్టు ఉత్తర్వు కూడా తెచ్చుకున్నారు. తీరా అతను ఎఫ్‌బీఐ మనిషే! బాధితులు దావా వేస్తే, దేశ రహస్యాలు బయటపడతాయని ప్రభుత్వం అడ్డం తిరిగింది. 2022లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ప్రభుత్వం వైపు మొగ్గి, కేసును మళ్లీ కింది కోర్టుకు పంపింది. న్యూయార్క్ పోలీసులైతే ప్రత్యేకంగా ఒక నిఘా విభాగం పెట్టి, ముస్లింలు కూర్చునే చోట్లన్నీ ఏళ్ల తరబడి మ్యాపులకెక్కించారు. ఆ విభాగం పోగుచేసిన మాటల నుంచి తన హయాంలో ఒక్క దర్యాప్తూ మొదలు కాలేదని నిఘా ఉన్నతాధికారే 2012లో ప్రమాణం చేసి ఒప్పుకున్నారు. 2014లో విభాగాన్ని మూసేశారు.

లోపల మనిషి ఉంటే ప్రాణాలు దక్కుతాయన్న వాదనకు టెక్సస్‌లోని వేకో పట్టణం దగ్గర జరిగిందే జవాబు. 1993లో ఆయుధాల చట్టాలు చూసే ఏటీఎఫ్ సంస్థ ఏజెంట్లు, విద్యార్థులమని చెప్పి బ్రాంచ్ డేవిడియన్లు అనే మత శాఖ ఆవరణ ఎదుట ఇల్లు అద్దెకు తీసుకున్నారు. వారిలో ఒకరు ఆ శాఖ నాయకుడు డేవిడ్ కొరేష్ చెప్పే బైబిల్ పాఠాలు కూడా విన్నారు. ఫిబ్రవరి 28 ఉదయం, ఏటీఎఫ్ ఆవరణ మీద చేయబోతున్న దాడి సంగతి లోపలివాళ్లకు తెలిసిపోయిందని పైవాళ్లకు ఆ ఏజెంటే చెప్పారు. వాళ్లు వినలేదు. ఆ రోజు నలుగురు ఏజెంట్లు, ఆరుగురు డేవిడియన్లు చనిపోయారు. 51 రోజుల ముట్టడి ముగిసిన ఏప్రిల్ 19న పిల్లలతో సహా 70 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అంటే గూఢచారి పని చేశాడు, నిజమే చెప్పాడు, అయినా దానివల్ల ఒక్క ప్రాణమూ దక్కలేదు. ఆ ముట్టడి సాగుతుండగానే దాని మీద టీవీ సినిమా షూటింగ్ మొదలైంది, మంటలు ఆరిన అయిదు వారాలకే మే 23న ప్రసారమైంది. ఇంత తొందర చూపిన టీవీ రంగం, వారెంటు లేని చొరబాటు గురించి అడగడానికి మాత్రం మూడు దశాబ్దాలు దాటినా తీరిక చేసుకోలేదు.

తెర మీద చూపేది ఎప్పుడూ వింత గుంపునే: వింత బట్టలు, వింత గురువు, చూసేవాడికి జాలి పుట్టని మనుషులు. వాళ్ల మీద నిఘా అంటే చప్పట్లు తేలిగ్గా పడతాయి. ఆ చప్పట్లతో బలపడే ఆనవాయితీ వాళ్ల దగ్గరే ఆగుతుందని ఎవరు హామీ ఇస్తారు? చర్చికి వచ్చింది, మసీదుకు వచ్చింది. మీరు వెళ్లే చోటికి రాదని ఏ కోర్టు చెప్పింది?

ఈ డ్రామాలు రాసేవాళ్లకు, డబ్బు పెట్టి ప్రసారం చేసేవాళ్లకు ఇవి తెలియవనుకోవడం కష్టం. కోర్టు తీర్పులు బహిరంగంగానే ఉన్నాయి, ఇర్విన్ భక్తులు పదేళ్లకు పైగా న్యాయస్థానాల చుట్టూ తిరిగారు. వాళ్ల కథను వాళ్ల వైపు నుంచి చెప్పండి. అందుకు ధైర్యం చాలకపోతే, ప్రార్థన చేసుకునేవాళ్ల మాటల్ని దొంగతనంగా రికార్డు చేసినవాణ్ని హీరోని చేయడమైనా మానండి.