“ఐపీలు షార్టేజ్ సార్”

మీ చేతిలో ఉన్న ఫోన్ మొబైల్ డేటా మీద నడుస్తున్నప్పుడు చాలా మటుకు ఐపీవీ6 వాడుతుంటుంది. ఇంటర్నెట్‌లో పరికరాలకి ఐపీ అడ్రస్ అనే నంబర్ ఇచ్చే కొత్త పద్ధతి ఇది. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పటి నుంచి ఈ విషయంలో మన దేశం ప్రపంచంలోనే ముందు వరసలో ఉంది. అదే ఫోన్‌ని ఇంటి వైఫైకి కలపండి. చాలా ఇళ్ళలో అది 1981 నాటి ఐపీవీ4 పద్ధతికి జారిపోతుంది. పేరుకి ఫైబర్, స్పీడు 300 ఎంబీపీఎస్, అడ్రస్ దగ్గరికొచ్చేసరికి మాత్రం పిసినారితనం.

ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళని అడిగితే “ఐపీలు షార్టేజ్ సార్” అంటారు. అది అబద్ధమేం కాదు. పాత ఐపీవీ4లో మొత్తం అడ్రస్‌లే సుమారు 429 కోట్లు. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ నిల్వలో మిగిలిన చివరి ఐదు బ్లాకులనీ ఐదు ప్రాంతీయ సంస్థలకి పంచేశారు. వాటిలో మన ఆసియా-పసిఫిక్ వైపు చూసే ఏపీనిక్ ఆ ఏప్రిల్‌లోనే చివరి బ్లాకుకి చేరి రేషన్ పెట్టేసింది. 2019 నుంచి కొత్త సభ్యులకి 512కి మించి ఇవ్వడం లేదు. వేల కనెక్షన్లున్న టౌన్ కేబుల్ ఆపరేటర్ ఆ 512తో ఏం చేస్తాడు? ఒక్కో అడ్రస్ వెనక బోలెడు ఇళ్ళు సర్దుతాడు. దీన్నే సీజీనాట్ అంటారు. అతని మీద నాకు కోపం లేదు.

ల్యాండ్‌లైన్ రోజుల్లో పక్కింటివాళ్ళ నంబర్ రాసి, పక్కన పీపీ అని పెట్టుకునేవాళ్ళం గుర్తుందా? కనీసం పక్కింటి ఆంటీ గోడ మీంచి “మీకు ఫోనొచ్చింది” అని కేకేసేది. సీజీనాట్‌లో ఆ ఆంటీ కూడా ఉండదు. మీరు బయటికి వెళ్ళొచ్చు, బయటివాళ్ళు మాత్రం నేరుగా మిమ్మల్ని చేరలేరు. ఊళ్ళో అమ్మానాన్నల ఇంటికి కెమెరాలు పెట్టించి, రికార్డర్‌ని హైదరాబాద్ నుంచి నేరుగా చూద్దామనుకున్నప్పుడు నాకిది బాగా తెలిసొచ్చింది. బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ని రికార్డర్‌కి పంపే పోర్ట్ ఫార్వార్డింగ్ అంతా సరిగ్గానే ఉంది. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే ఆపరేటర్ రౌటర్‌కిచ్చిన అడ్రస్, చూస్తే 100.72తో మొదలైంది, బయటి వెబ్‌సైట్ మాత్రం ఇంకేదో నంబర్ చూపించింది. అంటే ఆ ఇల్లూ సీజీనాట్ వెనకే. ఇంకేముంది, మనకంటూ మారని అడ్రస్ కావాలంటే ఆపరేటర్ మాట ఒకటే: “స్టాటిక్ ఐపీ తీసుకోండి సార్, నెలకి కొంచెం ఎక్స్‌ట్రా.” లేదంటే మా ఇంటి వరండా వీడియో ఎవరిదో కంపెనీ సర్వర్ చుట్టూ తిరిగి రావాలి. పైగా అదే అడ్రస్ వెనక ఎవడో స్పామ్ పంపితే, ట్రాఫిక్ లైట్ల బొమ్మలు నొక్కి మనిషినని రుజువు చేసుకోవాల్సింది మనం.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఈ కరువుకి మందు 1998లోనే రాసిపెట్టారు. ఐపీవీ6లో ఒక ఇంటికిచ్చే మామూలు ముక్కలోనే పాత ఇంటర్నెట్ మొత్తానికి 429 కోట్ల రెట్లు అడ్రస్‌లుంటాయి. చిక్కల్లా ఏంటంటే, పాతదానికి కొత్తదాని భాష రాదు. 32 బిట్ల గడిలో 128 బిట్ల అడ్రస్ పట్టదు. అందుకని రెండూ పక్కపక్కనే నడపాలి, లేదా మధ్యలో తర్జుమా చేసే పెట్టె పెట్టాలి. కొత్తది పెట్టినా పాతది తీసేయలేరు కాబట్టి, చాలామంది ఆపరేటర్లు కొత్తదాని జోలికే పోరు.

ఈలోగా పాత అడ్రస్‌లు ఔటర్ రింగ్ రోడ్డు పక్క ప్లాట్లయి కూర్చున్నాయి. దివాలా తీసిన టెలికాం కంపెనీ నోర్టెల్ దగ్గర 2011లో మైక్రోసాఫ్ట్ 6.66 లక్షల అడ్రస్‌లు 75 లక్షల డాలర్లకి కొంది. అమెజాన్ క్లౌడ్ 2024 ఫిబ్రవరి నుంచి ఒక్కో పబ్లిక్ ఐపీవీ4కి గంటకి అర సెంటు అద్దె వసూలు చేస్తోంది. కొరత మీద అద్దె వస్తుంటే కొరత తీర్చాలన్న తొందర ఎవరికుంటుంది చెప్పండి? చిన్న ఆపరేటర్‌ని వదిలేద్దాం. లక్షల కనెక్షన్లున్న పెద్ద కంపెనీలకి ఏమొచ్చింది?

ఇలా ఒకే అడ్రస్ వెనక దాచే నాట్ ఉంటేనే సేఫ్ అని వాదించేవాళ్ళకి ఒక మాట: కాపాడేది రౌటర్‌లోని ఫైర్‌వాల్. అది ఐపీవీ6కీ ఉంటుంది, ఆఫ్ చేయకండి చాలు.

మీ రౌటర్‌లో వ్యాన్ ఐపీ చూడండి. 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే మీరూ పీపీ బ్యాచే. స్టాటిక్ ఐపీకి డబ్బులు కట్టే ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఐపీవీ6 ఎప్పుడిస్తారని అడగండి, కంప్లయింట్ నంబర్ కూడా తీసుకోండి. నేనడిగితే ఆ అమ్మాయి కాసేపు హోల్డ్‌లో పెట్టి, తిరిగొచ్చి “సార్, రౌటర్ ఒకసారి రీస్టార్ట్ చేశారా?” అంది.