దేవుడే ముట్టుకున్నాక అంటు ఎక్కడిది?

డిసెంబరు రాకముందే మన ఊళ్లలో సెమీ క్రిస్మస్‌ల సందడి మొదలవుతుంది. స్టార్లు వేలాడతాయి, కేకులు కోస్తారు, నాయకులు వచ్చి శుభాకాంక్షలు చెప్పి ఫొటోలు దిగి వెళ్తారు. వేదిక మీద వినిపించే మాటలూ ఏటా అవే. యేసు ప్రేమమూర్తి, శాంతిదూత, క్షమను నేర్పిన మహనీయుడు. అవన్నీ నిజమే, కానీ ఆ మాటలు చెప్పుకోవడానికి క్రిస్మస్ అక్కర్లేదు. మంచి చెప్పిన మహనీయులు అన్ని మతాల్లోనూ ఉన్నారు. లోకాన్ని చేసిన దేవుడు ఒక పేద యూదు అమ్మాయి కడుపున పడ్డాడని, అందరిలాగే నెలలు నిండి పుట్టాడని, పాల కోసం ఏడ్చాడని చెప్పే పండగ ఇది. ఒళ్లు జలదరించాల్సిన ఆ మాట చప్పట్ల మధ్య ఎవరికీ వినపడకుండా పోతోంది.

ఈ మాట కోసమే తొలి శతాబ్దాల్లో సంఘం రెండుగా చీలేంత కొట్లాట జరిగింది. అలెగ్జాండ్రియాకు చెందిన ఏరియస్, దేవుని కుమారుడైన యేసు కూడా సృష్టిలో భాగమే అన్నాడు. 325లో నైసియాలో కూడిన బిషప్పులు కాదన్నారు. 451లో కల్సెదోనులో కూడిన మరో బిషప్పుల సభ, యేసు పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి అని తేల్చింది. నైసియా సభకు 1700 ఏళ్లు నిండిన సందర్భంగా 2025 నవంబరులో పోప్ లియో-14 టర్కీలోని ఇజ్నిక్ (ఆనాటి నైసియా) వెళ్లి ప్రార్థన చేసిన వార్త అందరూ చదివిందే.

మనకు అసలు సంబంధం ఉన్న గొడవ వీటికన్నా పాతది. యేసు దేవుడే గానీ ఆయన ఒళ్లు నిజమైన ఒళ్లు కాదు, చూసేవాళ్లకు అలా కనిపించిందంతే అనే వాదన సంఘం పుట్టిన కొద్దికాలానికే వచ్చింది. దేవుడంతటివాడికి ఆకలేమిటి, చెమటేమిటి, అపచారం కాదా అన్నది వాళ్ల బాధ. బైబిల్లో యోహాను రాసిన మొదటి పత్రిక (లేఖ) వాళ్లను ఏమాత్రం మొహమాటపడకుండా ఎదుర్కొంది. యేసుక్రీస్తు శరీరంతో వచ్చాడని ఒప్పుకోని ఆత్మ క్రీస్తు విరోధిదేనని రాసింది.

ఆ పాత వాదన చచ్చిపోలేదు. మన చర్చిల్లో నిక్షేపంగా బతుకుతోంది. నోటితో విశ్వాస ప్రమాణం పలుకుతూనే, ఆత్మ ఒక్కటే ముఖ్యం, ఈ మట్టి శరీరం ఎలా పోతే ఏం అని బోధిస్తున్నాం.

దీనికి చాలామంది పాస్టర్ల దగ్గర సిద్ధంగా ఒక జవాబుంది. యేసు వచ్చింది మన పాపాల కోసం చనిపోవడానికి, శరీరం అందుకు ఒక సాధనం, సిలువే అసలు సంగతి అంటారు. సిలువ లేకుండా క్రైస్తవం లేదు, కాదనను. కానీ చావు కోసమే శరీరం కావాలనుకుంటే బేత్లెహేములో పసిబిడ్డలను చంపించిన హేరోదు రాజు కత్తి సరిపోయేది. నజరేతులో అన్నేళ్ల వడ్రంగం ఎందుకు?

అంతకన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటి. మూడో రోజు లేచాక ఆ ఒంటిని ఆయన ఎందుకు వదిలేయలేదు? లేచినవాడు శిష్యుల ఎదుట కాల్చిన చేపముక్క తిన్నాడని లూకా రాశాడు. చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. ప్రక్కలో చెయ్యి పెట్టి చూడమని, నమ్మలేకపోయిన శిష్యుడు తోమాతో అన్నాడు. ఆ ఒంటితోనే ఆరోహణమయ్యాడు. క్రైస్తవ విశ్వాసానికి ఇది ప్రాణం, దీని గురించే మనం అతి తక్కువగా మాట్లాడతాం. పని అయిపోయాక విప్పేసే చొక్కా కాదు ఆయన శరీరం. ఇవాళ్టికీ ఆయన మనిషే, గాయాల మచ్చలున్న మనిషి.

అదీ ఎలాంటి శరీరం? బిడ్డను కన్న తల్లి శుద్ధి దినాలు గడిచాక గొర్రెపిల్లను అర్పించాలని, తాహతు లేకపోతే రెండు గువ్వలో రెండు పావురప్పిల్లలో చాలని లేవీయకాండం చెబుతుంది. మరియ, యోసేపుల అర్పణ గురించి రాసేటప్పుడు లూకా పక్షుల మాటే ఎత్తుతాడు. అక్కడ గొర్రెపిల్ల ఊసే లేదు. ఆ రోజుల్లోనే రోమ్‌లో అగస్టస్ చక్రవర్తి దేవుని కుమారుడనే బిరుదును నాణేల మీద ముద్రించుకుంటున్నాడు. దేవుడు ఆ రాజభవనాన్ని పక్కనపెట్టి గొర్రెపిల్లను కొనలేని ఇంటిని ఎంచుకున్నాడు.

మత్తయి ఎనిమిదో అధ్యాయం తీసి చూడండి. శతాధిపతి (రోమా సైన్యాధికారి) దాసుణ్ని యేసు చూడకుండానే, దూరం నుంచి ఒక్క మాటతో బాగుచేశాడు. ఆయనకు ముట్టుకోవాల్సిన అవసరం లేదని అక్కడే తెలిసిపోతుంది. అదే అధ్యాయం మొదట్లో కుష్ఠురోగి వచ్చాడు. ధర్మశాస్త్రం ప్రకారం 'అపవిత్రుణ్ని' అని తానే అరుచుకుంటూ ఊరి బయట బతకాల్సిన మనిషి. అతని విషయంలో మాత్రం యేసు ముందు చెయ్యి చాపి ముట్టుకున్నాడు, తర్వాతే శుద్ధుడివి కమ్మన్నాడు. రోగం తగ్గడానికి మాట సరిపోయేది. ఎన్నాళ్లుగానో ఎవరూ తాకని ఒంటికి చెయ్యే కావాలి. దేవుడు మనిషి కావడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ చోటునే.

మన తాతముత్తాతలకు ఇది పుస్తకం చదవకుండానే అర్థమైంది. 1860ల్లో ఒంగోలు ప్రాంతంలో తొలి విశ్వాసుల్లో ఒకడైన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల పని చేసే మాదిగ కులంలో పుట్టినవాడు. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత కాంట్రాక్టు తీసుకుని ఆకలిగా ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. ముందు కడుపు చూశాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ చెప్పుకునేది ఆ అంకెనే. నాకు అంతకంటే పెద్దదిగా కనిపించేది, ఊరి బావి దగ్గరికి రానివ్వని ఆ ఒళ్లను ఒక్కొక్కరినీ చేత్తో పట్టుకుని నీళ్లలో ముంచి లేపడం.

ఇప్పుడు మన దగ్గర ఏం జరుగుతోంది? ఎన్నో ఊళ్లలో మాలపల్లె చర్చి వేరు, మాదిగపల్లె చర్చి వేరు. ఇద్దరూ పాడేది అవే కీర్తనలు, చదివేది అదే బైబిలు. పెళ్లి ప్రకటనల్లో క్రిస్టియన్ అన్న మాట పక్కనే కులం పేరు ఉంటుంది. అగ్రకులాల నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు దళిత క్రైస్తవులతో వియ్యమందడం ఎంత అరుదో అందరికీ తెలుసు. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు, ఆ పదవి అందుకున్న తొలి దళితుడిగా, తొలి తెలుగువాడిగా. గర్వపడ్డాం, పడాలి కూడా. కానీ ఆ గర్వం పల్లెలో పెళ్లిచూపుల దాకా రాలేదు.

దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఎస్సీలు ఎవరో చెప్పే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు పరిధిలోకి 1956లో సిక్కు దళితులు, 1990లో బౌద్ధ దళితులు వచ్చారు. క్రైస్తవులను బయటే ఉంచడం అన్యాయం. మతం మారినా ఊరు చూసే చూపు మారదన్న వాదన అక్షరాలా నిజం. అయితే ఆ వాదన వినిపించే సంఘ పెద్దలను ఒకటి అడగాలి. ఊరి చూపు సరే, మన చూపు మారిందా? ప్రభుత్వం దగ్గర కులం పోలేదంటున్నాం, ఆదివారం ప్రసంగంలో క్రీస్తులో కులం లేదంటున్నాం, ఆ రోజు సాయంత్రమే కులం చూసుకుని సంబంధం ఖాయం చేసుకుంటున్నాం. దేవుడు శరీరధారి అని పలికే నోరే ఎదుటివాడి శరీరం ఏ పేటలో పుట్టిందని అడుగుతుంటే, యోహాను రాసిన హెచ్చరిక మనకు కాక ఎవరికి వర్తిస్తుంది?

ఢిల్లీ నిర్ణయం ఎప్పుడైనా రానీ, ఈ పనికి మాత్రం ఏ జీవో అక్కర్లేదు. ఒకే ఊళ్లో రెండు పేటల్లో ఉన్న రెండు సంఘాలు ఈ క్రిస్మస్‌కు ఒకే చోట కూడి, ఒకే గిన్నెలోంచి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) తీసుకోవచ్చు. ఇద్దరు పాస్టర్లు ఒకరికొకరు ఫోన్ చేసుకుంటే అయ్యే పని.