‘సైకిల్‌కు మెకానిక్ అక్కర్లేదు’ అనే ఆ మెసేజ్‌ను నమ్మి సైకిల్ పాడుచేసుకోవద్దు

వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఓ మెసేజ్ చక్కర్లు కొడుతోంది. ‘సైకిల్ షాపులో డబ్బులు తగలేయొద్దు, ఈ చిట్కాలు పాటిస్తే జన్మలో రిపేరు రాదు’ అని మొదలవుతుంది. అందులో చెప్పేవి ఇవీ: వారానికోసారి చైన్ మీద ఇంట్లో ఉన్న ఏ నూనెనైనా ధారగా పోయాలి, తుప్పు వదిలించే స్ప్రే ఉంటే మరీ మంచిది. చైన్ తెగేదాకా మార్చక్కర్లేదు. టైర్లలో గాలి రాయిలా ఉంటే పంక్చర్లు పడవు. ముందు బ్రేకు పడితే బోర్లా పడతారు, అది పనిచేయకపోయినా పర్లేదు. నెలకోసారి బైకుల వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ నీళ్లతో కడిగించాలి. పంక్చరైతే ప్యాచ్ నిలవదు, ట్యూబే మార్చాలి. నట్లన్నీ బలం కొద్దీ కుడివైపుకు బిగించాలి.

మన సైకిలు మనమే చూసుకోవాలన్నంత వరకు నాకూ ఇష్టమే. కానీ ఈ చిట్కాలు సైకిల్‌ను ఒక్కో భాగంగా పాడుచేస్తాయి, వాటిలో ఒకటి ప్రాణాల మీదికి తెస్తుంది. రోజూ కూలికీ, డ్యూటీకీ, పాలకేంద్రానికీ సైకిల్ మీదే పోయేవాళ్లున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘బడికొస్తా’ పథకంలో ఇచ్చిన సైకిళ్లెక్కి పక్క ఊరి హైస్కూలుకి వెళ్లిన ఆడపిల్లలున్నారు. అలాంటి ఇళ్లకు ఇది చేరుతోందనే నా బాధ. అందుకే మెసేజ్‌లోని వరస పక్కనపెట్టి, మొదట ముందు చక్రపు బ్రేకు సంగతి చెప్తాను.

బ్రేకు పట్టగానే బరువు ముందుకు తూలి ముందు చక్రాన్ని రోడ్డుకేసి అదుముతుంది, వెనక చక్రం తేలికైపోతుంది. తేలికైన చక్రాన్ని ఎంత గట్టిగా పట్టినా అది జారుతూ పోతుందే తప్ప సైకిల్‌ను త్వరగా ఆపలేదు. పొడి రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంలో రెండు బ్రేకులూ కలిపి బాగా పడితే, పట్టిన చోటు నుంచి సుమారు 3 మీటర్లలో ఆగొచ్చు. వెనక బ్రేకు ఒక్కటే అయితే దాదాపు దానికి రెట్టింపు. సందులోంచి పిల్లాడు పరుగెత్తుకొచ్చినప్పుడు ఆ 3 మీటర్ల తేడాయే దిక్కు.

మెసేజ్ రాసినవారి భయంలో కొంత నిజం లేకపోలేదు. కంగారులో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా లాగితే వెనక చక్రం లేస్తుంది. ఇసుక మీద, తడి మలుపులో అయితే ముందు చక్రం జారిపోతుంది. దానికి మందు అలవాటు చేసుకోవడమే. ఖాళీ మైదానంలో నెమ్మదిగా తొక్కుతూ రెండు బ్రేకులూ కలిపి, ముందుది మెల్లగా బిగిస్తూ, ఒంటిని కొంచెం వెనక్కి జరుపుతూ ఆపడం నేర్చుకోవాలి. మన సైకిళ్లలో సాధారణంగా కుడిచేతి లివరు ముందు బ్రేకుది. పిల్లలకు సైకిలు నేర్పేటప్పుడు తొక్కడం వచ్చేసరికే ‘వచ్చేసింది’ అని వదిలేస్తాం, ఆపడం నేర్పం. ఇది మారాలి.

బ్రేకు బాగుందో లేదో చూడడానికి నిమిషం చాలు. ముందు లివరు పూర్తిగా నొక్కి సైకిల్‌ను ముందుకు నెట్టండి. ముందు చక్రం తిరగకూడదు, లివరు హ్యాండిల్‌కు తగలకూడదు. తగులుతుంటే కేబులు చివర చేత్తో తిప్పే చిన్న నట్టు ఉంటుంది, దాన్ని కాస్త బయటికి విప్పితే కేబులు బిగుస్తుంది. తర్వాత కిందికి వంగి బ్రేకు కట్టల్ని, అంటే రిమ్మును పట్టే రబ్బరు ముక్కల్ని చూడండి. కొత్త కట్టల మీద గాడులుంటాయి. అవి అరిగి నున్నగా అయిపోతే మార్చాల్సిందే, లేకపోతే లోపలి లోహం రిమ్మును గీకేస్తుంది. కట్ట రిమ్ముకే తగలాలి. టైరుకు తగిలితే టైరు పక్క కోసుకుపోయి ఒకరోజు ట్యూబు పేలుతుంది. లివరు దగ్గర కేబులు పోగు ఒక్కటి తెగి బయటికి పొడుచుకొచ్చినా ఆ వారంలోనే మార్పించండి.

ఇక చైన్ మీద నూనె ధారగా పోయడం. చైన్‌కు నూనె కావలసింది లోపల, పిన్నుకూ రోలరుకూ మధ్య. పైన కారేదంతా దుమ్మును పట్టుకుంటుంది. మన రోడ్ల దుమ్ములో ఇసుక ఉంటుంది కాబట్టి ఆ నల్లటి ముద్ద గరుకు కాగితంలా చైన్‌ను లోపల్నుంచి అరగదీస్తుంది. ఏ నూనె అయినా పర్లేదన్న మాట కూడా తప్పే. వేరుశనగ నూనె గాలికీ ఎండకూ జిగురవుతుంది. వంటింట్లో నూనె డబ్బా మూత చుట్టూ వేలికి అంటుకునే పసుపు జిగురు అదే. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, ఆదిలాబాద్‌లోనో అరకులోనో డిసెంబరు పొద్దున చైన్‌లో మైనంలా ఉంటుంది. షెడ్డులో తీసేసిన పాత ఇంజిన్ ఆయిల్‌లో మసీ, లోహపు రజనూ ఉంటాయి, అదీ వద్దు.

తుప్పు వదిలించే స్ప్రే అంటే చాలామంది ఇళ్లలో ఉండేది డబ్ల్యూడీ-40. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో అట్లాస్ క్షిపణి పైరేకు తుప్పు పట్టకుండా, తేమను తరిమేయడానికి తయారైన మందు అది. బిగుసుకుపోయిన నట్టును వదిలించడానికీ, చైన్ మీది పాత మురికిని కరిగించడానికీ భేషుగ్గా పనిచేస్తుంది. కానీ పలచన కాబట్టి చైన్‌లో ఎక్కువ రోజులు నిలవదు, లోపల మిగిలిన కాస్త నూనెనూ కడిగేస్తుంది. ఆ కంపెనీయే చైన్ కోసం వేరే నూనె అమ్ముతోంది. పైగా స్ప్రే తుంపర రిమ్ము మీదో డిస్కు మీదో పడిందంటే బ్రేకు జారిపోతుంది.

మరి ఏం చేయాలి? పాత గుడ్డతో చైన్ పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పుతూ మురికి తుడవాలి. చైన్ ఆయిల్ రోలరుకు ఒక్క చుక్క చొప్పున వేయాలి. చైన్ ఆయిల్ దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె కూడా నడుస్తుంది, కాకపోతే తరచుగా వేయాలి. కాసేపు పెడల్ తిప్పి, పది నిమిషాలాగి, పైన కనిపించే నూనెంతా తుడిచేయాలి. ఈ ఆఖరి తుడుపే చాలామంది వదిలేస్తారు. వారానికోసారి అన్న లెక్క కూడా అవసరం లేదు. చైన్ కిచకిచలాడుతున్నా, వానలో తడిసినా వేయండి.

చైన్ తెగేదాకా ఆగమన్నది జేబుకు చిల్లు పెట్టే సలహా. చైన్‌లో పిన్ను నుంచి పిన్నుకు సరిగ్గా అరంగుళం. ఒక అడుగు స్కేలు తెచ్చి సున్నా గీతను ఒక పిన్ను మధ్యలో పెట్టి, అక్కడి నుంచి 24వ పిన్ను ఎక్కడుందో చూడండి. కొత్త చైన్‌లో అది 12 అంగుళాల గీత మీదే ఉంటుంది. వాడేకొద్దీ పిన్నులు అరిగి చైన్ సాగుతుంది. గేర్ల సైకిల్‌లో 24వ పిన్ను ఆ గీత దాటి ఒకటిన్నర మిల్లీమీటరు పోయిందంటే చైన్ మార్చాలి. గేర్లు లేనిదైతే 3 మిల్లీమీటర్ల దాకా ఆగొచ్చు. అదీ దాటితే సాగిన చైన్ వెనక చక్రానికుండే ఫ్రీవీలు పళ్లను, పెడళ్ల దగ్గరుండే పళ్లచక్రాన్ని కూడా తినేస్తుంది. అప్పుడు కొత్త చైన్ వేసినా పాత పళ్ల మీద ఎగిరిపడుతుంది, అన్నీ కలిపి మార్చాల్సి వస్తుంది.

గాలి విషయానికొస్తే టైరు పక్కనే అంకెలుంటాయి. ఉదాహరణకు చాలా 26 అంగుళాల మందపాటి టైర్ల మీద 40 నుంచి 65 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అని రాసి ఉంటుంది. బరువును బట్టి ఆ హద్దుల మధ్యే నింపాలి. రాయిలా నింపితే సైకిలు గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది, టైరుకు రోడ్డు మీద పట్టు తగ్గుతుంది, ఎండలో నిలబెడితే ఒత్తిడి ఇంకొంచెం పెరుగుతుంది. పల్లేరు ముల్లూ తుమ్మ ముల్లూ గట్టి టైరని ఆగవు, దిగుతాయి. మరీ తక్కువున్నా ప్రమాదమే. గుంతలో రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి ట్యూబుకు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పెట్రోల్ బంకులో కారుకు కొట్టే యంత్రంతో నింపేటప్పుడు జాగ్రత్త, సైకిలు ట్యూబు క్షణాల్లో నిండిపోతుంది.

పాత రకం సైకిళ్లలో పొద్దున్నకల్లా గాలి దిగిపోతే వెంటనే పంక్చరని అనుకోకండి. వాల్వు మీద ఉమ్మి రాసి చూడండి, బుడగ లేస్తే లోపలి వాల్‌ట్యూబు పోయినట్టే. అంగుళం రబ్బరు ముక్క, మార్చడానికి పానా కూడా అక్కర్లేదు.

నిజంగానే పంక్చరైతే ప్యాచ్ చాలు. చిల్లు చుట్టూ గరుకుగా రుద్ది, సొల్యూషన్ పూసి, అది తడిపోయి వేలికి జిగటగా తగిలేదాకా ఆగి అతికిస్తే ట్యూబు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. ప్యాచ్ నిలవలేదంటే చాలాసార్లు తడిమీదే అతికించారనే అర్థం. వాల్వు మొదట్లో చినిగినా, పొడుగ్గా చీలినా మాత్రం ట్యూబు మార్చక తప్పదు. ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపల దూది ఉండను చుట్టూ తిప్పండి. మిగిలిపోయిన ముల్లుకు దూది తట్టుకుని ఆగుతుంది, వేలు తెగదు.

ప్రెషర్ నీళ్లు అసలొద్దు. చక్రం మధ్యలోని హబ్బులోకీ, పెడల్ ఇరుసులోకీ నీళ్లు దూరి గ్రీజును నెట్టేస్తే లోపలి బేరింగు గోళీలు తుప్పు పట్టి గరగరమంటాయి. బకెట్టు, మగ్గు, పాత టూత్‌బ్రష్ చాలు.

నట్లు చూసుకోవడం మంచిదే, బలం కొద్దీ బిగించడం మంచిది కాదు. హబ్బులో గోళీలను పట్టి ఉంచే కోన్లను మరీ బిగిస్తే చక్రం బరువుగా తిరుగుతూ గోళీల దారి చెడిపోతుంది, అది చేయి తిరిగిన మెకానిక్ చేసే పని. రిమ్ము వంకర తీయడం కూడా అంతే, చక్రపు పుల్లల్ని (స్పోకుల్ని) తెలియకుండా ముట్టుకుంటే వంకర ఇంకా పెరుగుతుంది. కుడివైపుకే తిప్పాలన్నది అన్నిటికీ చెల్లదు. ఎడమ పెడల్‌కు మర రివర్సులో ఉంటుంది, ఎడమవైపుకు తిప్పితే బిగుస్తుంది, కుడివైపుకు తిప్పితే ఊడుతుంది. ఆ మెసేజ్ చదివి పానా పట్టినవాళ్లు ఉంటే ఎడమ పెడల్‌ను ఈరోజే ఒకసారి సరిచూసుకోండి. మర తప్పి ఎక్కి ఉంటే బలవంతం చేయకుండా షాపుకు నడిపించుకుపోండి.